జిగురు తాతయ్య కథ ఆపే చోటు

ఇలా దగ్గరకి జరిగి కూర్చోండి. చాప చాలకపోతే ఆ గోనెపట్టా పరుచుకోండి. ఉల్లిపాయల వాసన వస్తుందని ముక్కు మూసుకోకండేం. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల మార్కెట్టు వెనకవీధిలో ఉన్నవాళ్ళం, మా పెట్టెలో పట్టుచీరకి కూడా ఆ వాసనే. నేను నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని. అచ్చులో ఉన్నది చదవాలంటే కూడబలుక్కోవాలి. చెవిన పడ్డది మాత్రం నన్ను వదిలిపోదు. ఆ జ్ఞాపకం చూసుకుని మురిసిపోయి ఒక మంచాయనకి చెరుపు చేశాను. నేను చెబుతుంటే మా అమ్మాయి రాసిపెడుతోంది. ఆయన గురించే, వినండి.

పోయిన శనివారం పెంటపాడు నుంచి మా అమ్మాయి, మనవరాలు వచ్చారు. మనవరాలికి ఎనిమిదేళ్ళు. బళ్ళో చేతిరాత పోటీలో రెండో బహుమతి వచ్చిందని రంగురంగుల కథల పుస్తకం ఊపుకుంటూ వచ్చింది. నేను వసారాలో కూర్చుని పులుసులోకి ఉల్లిపాయలు తరుగుతున్నాను. నా పక్కనే చతికిలబడి, “అమ్మమ్మా, చదువుతాను విను,” అంది.

“అనగనగా ఒక లంక. లంక చుట్టూ నీళ్ళు...”

నా చెయ్యి ఆగిపోయింది. తర్వాతి మాట అది చదవకముందే నా నోట్లోంచి వచ్చేసింది. “నీళ్ళ మీద గుర్రపుడెక్క, గుర్రపుడెక్క మీద ఊదారంగు పూలు.”

“అదేంటమ్మమ్మా! ఈ పుస్తకం నీకు ముందే తెలుసా?”

“తెలుసులేవే. చదువు.”

ఆఖరి పేజీ దాకా చదివింది. అక్కడ ఎర్రగీతలతో పెట్టె గీసి, అందులో లావుపాటి అక్షరాలు వేశారు. వాటి కింద వేలు పెట్టి మరీ చదివింది. “నీతి: పెద్దల మాట వినని పిల్లలకు ఆపద తప్పదు.”

ఉల్లిపాయలు తరిగేవాళ్ళకి ఒక సుఖం ఉందండీ. కళ్ళు తుడుచుకుంటే ఎందుకని ఎవరూ అడగరు.

ఆ కథ చెప్పినాయన మా వీధిగదిలో ఇరవయ్యేళ్ళు అద్దెకున్నారు. పుస్తకాలు బైండింగు చేసేవారు. ఆఫీసు రిజిస్టర్లు, బడిపిల్లల నోటుపుస్తకాలు, ఏలూరులో పిల్లల కథలు వేసే ఒక ప్రెస్సు నుంచి కట్టలుగా వచ్చే అచ్చుకాగితాలు, ఇవీ ఆయన పని. మడిచి, కుట్టి, అట్టవేసి ఇచ్చేవారు. వేళ్ళ సందుల్లో మైదా జిగురు ఎండిపోయి చేపపొలుసుల్లా తెల్లగా ఉండేది. మాట్లాడుతూ మాట్లాడుతూ దాన్ని గిల్లుకునేవారు. అందుకే పిల్లలు జిగురు తాతయ్య అనేవారు. నేను అన్నయ్యగారూ అనేదాన్ని. కొల్లేటి లంకల వైపు మనిషని మాత్రం తెలుసు. ఏ ఊరండీ అంటే, “ఇప్పుడక్కడ ఊరెక్కడుందమ్మా, అన్నీ చేపల చెరువులే,” అనేవారు. అంతకుమించి ఒక్క ముక్క వచ్చేది కాదు.

ఆయనది ఒక వింత అలవాటు. అగ్గిపుల్ల గీసేవారు కాదు. రోజూ పొద్దున్నే జిగురు ఉడికించడానికి కిరసనాయిలు స్టౌ ముందు పెట్టుకుని, గిన్నెలో మైదా కలుపుకుని నన్ను పిలిచేవారు. “అమ్మా, కాస్త వెలిగించి పెడతారా?” గాలికి ఆరిపోతే మళ్ళీ అదే పిలుపు. మా ఆయన మార్కెట్లో కాటా దగ్గర పని చేసేవారు, నోరు ఊరుకునేది కాదు.

“ఏవండీ బావగారూ, అగ్గిపుల్ల గీయడం రాకేనా ఏంటి పెళ్ళి చేసుకోలేదు?” అనేవారు.

“మీ ఆవిడ వెలిగిస్తే జిగురు ఉండకట్టదండీ బావగారూ,” అని ఈయన నవ్వి తప్పించుకునేవారు.

పని మాత్రం చూడాలి. రిజిస్టర్లకి వాడే జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపేవారు. పిల్లల పుస్తకాలకి వేరే గిన్నె. అందులో కలిపేవారు కాదు. “పిల్లలు పుస్తకం నోట్లో పెట్టుకుంటారమ్మా. పురుగు తింటే తిననివ్వండి,” అనేవారు. ప్రెస్సువాళ్ళు పిన్ను కొట్టెయ్యండి, తొందరగా అవుతుంది అంటే వినేవారు కాదు. పిన్ను తుప్పు పడితే వేలికి గుచ్చుకుంటుందని దారంతో కుట్టేవారు. ఆ తేడా డబ్బులు ఎవరూ ఇచ్చేవారు కాదు, ఈయనా అడిగేవారు కాదు.

వీధిలో పిల్లలు చిరిగిన కథల పుస్తకాలు తెచ్చేవారు. ఊడిన పేజీలన్నీ వరసగా పెట్టి అతికి ఇచ్చేవారు. ఆఖరున నీతి ఉన్న కాగితం మాత్రం ఎప్పుడూ దొరికేది కాదు. “అదెక్కడో పడిపోయిందిరా,” అనేవారు గంభీరంగా. ఒకరోజు గది ఊడుస్తుంటే నా కంట పడింది. ఆ కాగితాలన్నీ అట్ట లోపల పొరలుపొరలుగా పెట్టి, పైన రంగుకాగితం అంటించేస్తున్నారు.

“అన్నయ్యగారూ, ఇదేం పని? పిల్లలకి నీతి వద్దా?”

“ఉందిగా అమ్మా, లోపలే ఉంది. అట్ట గట్టిగా నిలబడ్డానికి పనికొస్తుంది. కథంతా చెప్పి ఆఖర్న చెవి మెలేయడమెందుకు?” అన్నారు, దొంగ దొరికిపోయినట్టు నవ్వుతూ.

ఎండ దిగాక పిల్లలు మా వసారాలో చేరేవారు. ఆయన చాలా కథలు చెప్పేవారు గానీ పిల్లలు అడిగి చెప్పించుకునేది లంక కథే. ఆయన చెప్పినట్టే చెబుతాను. వానాకాలం. కొల్లేరు పొంగింది. లంకలో ఒక ఇల్లు. ఇంట్లో ఒక పాప, వాళ్ళ నాన్న. నాన్న వల అల్లుకుంటున్నాడు. నీళ్ళకి అవతల చిన్న దిబ్బ, దిబ్బ మీద ఒంటరి ముసలమ్మ గుడిసె. రోజూ పొద్దుగూకే వేళకి అక్కడ దీపం కనబడుతుంది. ఆవేళ కనబడలేదు. అగ్గిపెట్టె తడిసిపోయిందేమో! దీపం లేదు, పొయ్యి లేదు, గంజి లేదు. పాప అగ్గిపెట్టె తీసుకుని జడ మడిచి, జడలో దాన్ని పెట్టి రిబ్బనుతో కట్టుకుంది. తాటిదోనె ఎక్కింది. గెడ వేసింది. గుర్రపుడెక్క దోనెకి అడ్డం పడింది. గూడబాతు వచ్చి, పాపా ఎక్కడికి, అని అడిగింది. దీపానికి, అంది పాప. ముక్కుతో డెక్క పక్కకి లాగి దారిచ్చింది గూడబాతు. పాప వెళ్ళింది. దీపం వెలిగింది.

అంతే. అక్కడ ఆపేసేవారు. వేళ్ళ మీద జిగురు గిల్లుకుంటూ పిల్లల మొహాలు చూసేవారు. “మరి పాప ఇంటికెలా వచ్చింది?” అని ఆయనే అడిగేవారు.

ఇంక వసారా ఎగిరిపోయేది. గూడబాతు తన సంచీ ముక్కులో కూర్చోబెట్టుకుని తెచ్చిందని ఒకడు. ఛీ, ముక్కులో చేపల కంపు, కొర్రమీనులన్నీ కలిసి దోనెని కిందనుంచి నెట్టుకొచ్చాయని ఇంకొకడు. ఏ పిల్ల ఎలా తెచ్చినా ఆయన వదిలేవారు కాదు. ఒక్కటొక్కటే అడిగేవారు.

“గుమ్మం ఎక్కిందా?”

“ఎక్కింది తాతయ్యా.”

“కాళ్ళు కడుక్కుందా?”

“కడుక్కుంది.”

“అన్నం తిందా? ఏం కూర?”

“బెండకాయ పులుసు!”

“అయితే పడుకోబెట్టండి,” అనేవారు. అప్పుడు మొహం తేటపడేది. ఒకసారి ఒక చిన్నపిల్ల, నాన్న లాంతరు పట్టుకుని వేరే దోనెలో ఎదురెళ్ళాడు తాతయ్యా, అంది. “ఆఁ, అలాగే వెళ్ళాలి నాన్న,” అన్నారు. ఆరోజు కూర సంగతి అడగకుండానే లేచి లోపలికి వెళ్ళిపోయారు. వయసైపోయిందిలే, నడుము నొప్పేమో అనుకున్నాను. చెవిన పడ్డది పోదు అన్నానే గానీ, పడ్డదాన్ని అర్థం చేసుకునే బుద్ధి వేరే ఉండాలండీ.

కొన్నాళ్ళకి ఆయన కళ్ళకి శుక్లాలు వచ్చాయి. సూదిలో దారం నేనెక్కించి ఇచ్చేదాన్ని. పని తగ్గింది. పరీక్ష చేయించుకోవడానికి ఆయన ఏలూరు వెళ్ళిన రోజునే ప్రెస్సు నడిపే ఆయన మా ఇంటికి వచ్చారు. ముప్పై అయిదేళ్ళుంటాయేమో, మర్యాదస్తుడు. చెప్పులు గుమ్మం బయట విప్పి మరీ కూర్చున్నారు.

“తాతగారిని లంక కథ ఇవ్వమని ఎన్నిసార్లు అడిగానోనండీ. అది ఇంకా అవ్వలేదండీ అంటారు. పేరు వేసి పుస్తకం వేస్తాం, ఫోన్లో బొమ్మలతో వీడియో కూడా చేస్తాం. ఆయనకి నాలుగు డబ్బులొస్తాయి కదండీ.”

కంటి ఆపరేషను నా కళ్ళ ముందు మెదిలింది. అదొక్కటే అంటే అబద్ధం. “అవ్వకపోవడమేంటండీ, నాకు పొల్లు పోకుండా వచ్చు,” అన్నాను, కొంచెం గొప్పగానే. ఆయన ఫోను నా ముందు పెట్టారు. మొదటి నుంచి దీపం దాకా చెప్పాను.

“ఎంత బాగుందండీ! మరి చివరేదండీ? నీతేంటండీ ఇందులో?”

“ఆయన చెప్పరండీ.”

“లేకపోతే ఎలాగండీ? చదివేది పిల్లలు గానీ కొనేది పెద్దవాళ్ళు కదా. బళ్ళవాళ్ళు ముందు ఆఖరి పేజీ తిప్పి చూస్తారు. అది నచ్చితేనే ఆర్డరిస్తారు. మీరే ఏదో ఒకటి చెప్పండి.”

మా ఇళ్ళల్లో వచ్చినవాళ్ళు అడిగితే లేదనడం అలవాటు లేదండీ. ఇంట్లో పంచదార నిండుకుంటే పక్కింట్లో గ్లాసుడు అడిగి తెచ్చయినా కాఫీ ఇస్తాం. ఆవేళ కథలో లేని నీతిని కూడా అలాగే తెచ్చి పెట్టాను. “పిల్ల చెప్పకుండా దోనె ఎక్కేసింది కదండీ. పెద్దల మాట వినాలని పెట్టండి,” అన్నాను.

“బాగా చెప్పారండీ!” అన్నారాయన. కాఫీ తాగి వెళ్ళారు.

రెండు నెలలకి పుస్తకాల కాగితాలు కట్టలుగా వచ్చాయి, ఆయన దగ్గరికే, కుట్టడానికి. కళ్ళు ఆనవు కదా, ఏ పుస్తకం వచ్చినా ముందు పక్కింటి పిల్ల చేత చదివించుకోవడం అలవాటు. నేను గుమ్మంలో బియ్యం ఏరుతున్నాను. పిల్ల చదువుతోంది. తన కథ అచ్చులో వినబడుతుంటే ఆయన సూది పట్టుకుని కదలకుండా కూర్చున్నారు. దీపం వెలిగింది. పిల్ల అక్కడ ఆగలేదు, చదువుతూనే ఉంది. నేను చెప్పని ముక్క వచ్చింది, దోనె తిరగబడింది. పాప మరి కనబడలేదు. కింద పెట్టెలో నీతి.

“మళ్ళీ చదువమ్మా,” అన్నారు.

పిల్ల మళ్ళీ చదివింది.

“పెద్దల మాట వినలేదని ఉందా?”

“అవును తాతయ్యా.”

నా వైపు తిరిగి, “అమ్మా, స్టౌ ఆర్పెయ్యండి,” అన్నారు. గిన్నెలో జిగురు సగమే ఉడికింది.

చించేస్తారనుకున్నాను. వెనక్కి పంపేస్తారనుకున్నాను. మర్నాడు పొద్దున్న యథాప్రకారం పిలిచి స్టౌ వెలిగించమన్నారు. కట్టలన్నీ కుట్టారు. ఒక్క పుస్తకంలో ఒక్క కుట్టు వదులు లేదు. దారం ఎక్కించి ఇస్తూ నేను తల వంచుకుని ఉండేదాన్ని. “కుట్టు వదిలితే నష్టపోయేది చదివే పిల్లే కదమ్మా,” అన్నారొకసారి, నేను అడగకుండానే.

ఆ పుస్తకం మా వీధి బడికి కూడా వచ్చింది. ఒక సాయంత్రం పిల్లలు చేరి లంక కథ చెప్పమన్నారు. ఆయన చాలాసేపు జిగురు గిల్లుకుని మొదలుపెట్టారు. దీపం వెలిగింది. “మరి పాప ఇంటికెలా వచ్చింది?”

“రాలేదు తాతయ్యా. నీళ్ళలో పడిపోయింది.”

“అది పుస్తకంలో. మీరు చెప్పండి.”

“పుస్తకంలో అచ్చేశారుగా తాతయ్యా. చెప్పినమాట వినలేదు మరి.”

ఎప్పుడూ గూడబాతు ముక్కులో తెచ్చే పిల్లాడి వైపు చూశారు. వాడూ తలూపాడు. “తప్పు చేసింది కదా తాతయ్యా,” అన్నాడు.

“కాళ్ళు...” అని ఆగిపోయారు. పిల్లలు కాసేపు చూసి ఆటకి వెళ్ళిపోయారు.

మర్నాడు స్టౌ దగ్గర ఇంక ఉండబట్టలేకపోయాను. అగ్గిపెట్టె చేత్తో పట్టుకుని, “అన్నయ్యగారూ, ఆ కథ చెప్పింది నేనే. ఆ నీతి కూడా నా నోటి మాటే,” అన్నాను.

“తెలుసమ్మా. గూడబాతు చేత ‘ఓసి పిచ్చితల్లీ’ అనిపించారు. నా గూడబాతు అంత ముద్దుగా మాట్లాడదు,” అన్నారు. నవ్వబోయారు గానీ నవ్వు రాలేదు. నేను పుల్ల గీశాను. ఆయన ఆ మంటకేసి చూస్తూ, “ఒక్క మాట మాత్రం తప్పు పడిందమ్మా. అది చెప్పకుండా వెళ్ళలేదు,” అన్నారు.

“ఎవరండీ?”

“మా అమ్మాయి. ఎనిమిదేళ్ళది. నాన్నా, ముసలమ్మ దీపం లేదు చూశావా అంది. నేను వలకి ముడులు వేస్తున్నాను. మధ్యలో లేవబుద్ధి కాలేదు. అగ్గిపెట్టె చేతికిచ్చి, నువ్వెళ్ళిరా తల్లీ అన్నాను. వెళ్ళింది. దీపం వెలగడం ఇటునుంచి చూశాను. వెలిగింది కదా, వచ్చేస్తుందిలే అని మళ్ళీ వల పట్టుకున్నాను.” జిగురు గిల్లుకుంటున్న చెయ్యి ఆగింది. “మాట విందమ్మా. విన్నందుకే వెళ్ళింది.”

వేలు కాలేదాకా నా చేతిలో పుల్ల ఉన్న సంగతి నాకు తెలియలేదు.

నేను ఇంకో పుల్ల తీస్తుంటే ఆయనే అన్నారు, “రోజుకొక పిల్ల దాన్ని ఇంటికి తెచ్చేదమ్మా. నాకు అది చాలు. అందుకే అవ్వలేదండీ అనేవాణ్ణి.”

ఆ వారమే ఏలూరు బస్సెక్కాను. ఆ ప్రెస్సాయన కుర్చీ వేసి కూర్చోబెట్టి, కాఫీ తెప్పించి, చెప్పిందంతా విన్నారు. ఆయన కళ్ళలో కూడా నీళ్ళు తిరిగాయి, అబద్ధమెందుకు. “అయ్యో, నాకు తెలియదండీ. ఇప్పటికే బళ్ళకి వెళ్ళిపోయాయండీ. మళ్ళీ వేసినప్పుడు తప్పకుండా చూద్దామండీ,” అన్నారు. మళ్ళీ వేశారు. మా మనవరాలి చేతిలో ఉన్నది అదే. బొమ్మలకి రంగులొచ్చాయి. నీతి అక్షరాలు లావయ్యాయి. కుట్టు లేదు, రెండు పిన్నులు.

ఆపరేషను అయ్యాక ఆయనకి చూపు బాగానే వచ్చింది. పిల్లల పుస్తకాలు అతికారు, వేరే కథలు చెప్పారు. లంక కథ మళ్ళీ ఎత్తలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే నాకు కాస్త తేలికగా ఉండేది. మొన్న కార్తీకమాసంలో మూడు రోజుల జ్వరంతో పోయారు. ఎవరూ లేరు కదా, తలదగ్గర దీపం కూడా నేనే వెలిగించాను.

శనివారం సంగతి ఇంకా మిగిలి ఉంది. ఉల్లిపాయలు పక్కన పెట్టి, పుస్తకం మూసి, మనవరాలితో అన్నాను, “ఇది కాదే అసలు కథ. నేను చెబుతాను విను.” గూడబాతు చేత ‘పాపా’ అనే అనిపించాను. దీపం వెలిగించి ఆపేశాను. “మరి పాప ఇంటికెలా వచ్చింది?” అని అడిగాను.

పిల్ల పుస్తకం వైపు చూసింది. నా వైపు చూసింది. బుగ్గ మీద వేలు పెట్టుకుని చాలాసేపు ఆలోచించింది.

“ఆ రాత్రి రాలేదమ్మమ్మా,” అంది.

నేను ఉల్లిపాయలు మళ్ళీ దగ్గరికి లాక్కున్నాను.

“ముసలమ్మ పంపదు కదా! పొద్దుపోయింది, నీళ్ళెక్కువగా ఉన్నాయి, ఇప్పుడెక్కడికెళ్తావే అంటుంది. కాళ్ళు కడుక్కో, గంజి తాగు, నా పక్కన పడుకో, రేప్పొద్దున్న మీ నాన్న వచ్చి తీసుకెళ్తాడులే అంటుంది. దీపం వెలిగిందిగా, వాళ్ళ నాన్నకి తెలుస్తుంది అక్కడుందని.”

ఇన్నేళ్ళలో అంతమంది పిల్లలు ఆ పాపని నీళ్ళు దాటించడానికి ఎన్నో పాట్లు పడ్డారు. గడప దిగనివ్వకపోతే సరిపోతుందని ఒక్కరికీ తట్టలేదు. వీధిగది వైపు చూశాను. తలుపుకి తాళం వేసి ఉంది. ఈ ఒక్కటీ ఆయన వినలేదు. వింటే ఏం కూర అని అడిగి ఉండేవారు.

“గంజిలో నంజుకోవడానికి ఏం పెట్టిందే ముసలమ్మ?” అని నేనే అడిగాను.

“ఉల్లిపాయ,” అంది.

“అయితే పడుకోబెట్టు.”

ఇంక లేవండి, పొద్దుపోతోంది. మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ పొయ్యి ఆరకూడదు. మీ పిల్లలు ఎప్పుడైనా పొద్దుగూకి ఎవరి గుమ్మంలో నిలబడినా, ఆ ఇంటివాళ్ళు వెనక్కి పంపకుండా ఇంత గంజి పోసి, ఒక చాప వేసి, తెల్లారాక మీకు అప్పగించాలి.